కడిగిన నాణెం

దయానందం బావా,

ఎలా ఉన్నావు? నువ్వు పోయి మొన్న ఈస్టరుకు ఏడాది నిండింది. బందరులో ఎండలు మామూలే. నీ సంతాప సభకు వచ్చిన పెద్దమనుషులు, శాలువా కప్పడానికి నువ్వు లేవు గనక నీ ఫొటోకు కప్పి వెళ్ళారు. నీ ఆదివారం క్లాసు ఏమైందని మళ్ళీ ఒక్కడూ అడగలేదు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను?

చర్చి విడిచాక నువ్వు బడి వరండాలో చాపలు పరిచి, పెడన అద్దకం వాళ్ళకూ, టైలర్లకూ, తాపీ మేస్త్రీలకూ పాత రాళ్ళనూ కుండ పెంకులనూ ఎలా గుర్తుపట్టాలో నేర్పుతుంటే, నేను పేపరుకు ఉత్తరాలు రాసి ఎగతాళి చేశాను. డ్రాయింగు మాస్టారికి చరిత్ర ఎందుకని. నువ్వేమో నవ్వేవాడివి. "నువ్వు చదివిన రాళ్ళన్నీ కాగితం మీదవే గదా బావా! ఒక్కటన్నా కాలికి తగిలి రక్తమొచ్చిందా?"

ఆ మాట ఇప్పటికీ మండుతుంది.

నువ్వు పోయాక వాళ్ళంతా వచ్చి నన్ను క్లాసు చెప్పమన్నారు. ఒప్పుకున్నాను. నీ మీద ప్రేమతో అనుకునేవు... కాదు. అసలు పాఠమంటే ఎలా ఉంటుందో చూపిద్దామని. చెల్లెమ్మ నీ నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. తెరవలేదు. ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలుండగా అందులో ఏముంటుందిలే అనుకున్నాను.

మొదటి రోజు శాతవాహనుల మీద రెండు గంటలు మాట్లాడాను. పదకొండు మంది విన్నారు. నెల తిరిగేసరికి నీ పాత శిష్యులు ముగ్గురు, కొత్తగా చేరిన సువార్త మిగిలారు.

సువార్తను నువ్వెరగవు. చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేస్తుంది. నాగాయలంక దగ్గర వాళ్ళ అన్నయ్య రొయ్యల చెరువు తవ్విస్తుంటే దొరికిందని, రుమాల్లో చుట్టి ఒక రాగి నాణెం తెచ్చింది. నిండా పచ్చటి చిలుము. దాని కింద తెరచాప కొయ్య లాంటి గీత, అక్షరాల అంచులు... పాతకాలపు ఓడ బొమ్మ నాణెమేమో అనిపించింది బావా. కానీ పాఠం మధ్యలో ఆపడం నాకు చిన్నతనం. కడిగి తీసుకురమ్మన్నాను. నీ శిష్యులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఆమెకు తెలిసిన కడగడం ఏమిటి? యాసిడ్‌లో ముంచి, మెరుగు చక్రం మీద రుద్దడం. మరుసటి ఆదివారం తెచ్చింది. కొత్త గాజులా తళతళలాడుతోంది. రెండు వైపులా నున్నగా... ఒక్క అక్షరం లేదు.

అందరి ముందూ తిట్టాను. ఆమె తలవంచుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అంతటితో ఊరుకున్నానా? శిక్షణ లేని మనిషి చేతిలో నాణెం నాశనమైందని మ్యూజియం వాళ్ళకు జాబు రాశాను. ఆ శిక్షణ ఇవ్వాల్సింది ఎవరు?

జాబు మీద రాయడానికి మ్యూజియం చిరునామా కావలసి, నిన్న నీ నోటుబుక్కు తెరిచాను. మొదటి పేజీలోనే నీ గుండ్రటి అక్షరాలు. "దొరికిన దాన్ని కడగొద్దు. తుడవొద్దు. మట్టితోనే ఉంచండి. ఎక్కడ దొరికిందో ముందు రాయండి." దాని కింద ఎర్ర సిరాతో నీకోసం రాసుకున్న మాట. "చిలకలపూడి వాళ్ళొస్తే రెండుసార్లు చెప్పాలి. వాళ్ళ చెయ్యి ఊరుకోదు."

నేను ఒక్కసారైనా చెప్పలేదు గదా...

జాబు చింపేశాను. కానీ నాణెం దొరికిన చోట ఇంకా పెంకులున్నాయని ఆమె ఆ రోజే చెప్పింది. నేను వినిపించుకోలేదు. ఆ చెరువుకు సోమవారం నీళ్ళు పెడతారట. నాగాయలంక దగ్గరన్న మాటే తప్ప అది సరిగ్గా ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు.

రేపు ఆదివారం. ఆమె చర్చికి బయల్దేరకముందే చిలకలపూడి వెళ్తాను. తిట్టింది అందరి ముందు గనక, ఆ ముగ్గురినీ వెంటబెట్టుకునే వెళ్తాను. తప్పు నాదని చెబుతాను. రానంటుందా? అనొచ్చు. అనే హక్కుంది.

వస్తే మాత్రం క్లాసు ఆ చెరువు గట్టు మీదే. ఏది ఎక్కడ దొరికిందో ఆమె చెబుతుంది. నేను మట్టిలో కూర్చుని రాసుకుంటాను.

నీ బావ,
సుబ్రహ్మణ్యం