ఆఖరున తీసిన సొరుగు

నాన్నా,

నా చిప్ పరీక్షలో నెగ్గింది. ఇవాళ మారు వడ్డించుకుని మరీ అన్నం తిన్నాను.

ప్రాసెసర్ తనకు తరచూ కావలసిన సమాచారాన్ని దగ్గరే దాచుకునే చిన్న మెమరీని క్యాష్ అంటారు. అందులో ఒక్క ముక్క కావాలన్నా మా డిజైన్ నాలుగు అరలనూ ఒకేసారి తెరిచేది. కరెంటు అక్కడే వృథా. ఈసారీ తగ్గకపోతే ప్రాజెక్టు ఆపేస్తామన్నారు.

అప్పుడు నువ్వు పనిచేసిన షెడ్‌లో సామాన్ల స్టోర్ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నీకు క్యారేజీ తెచ్చి, ఒక్క బోల్టు కోసం సొరుగులన్నీ లాగేసేదాన్ని. "అన్నీ ఎందుకు లాగుతావే? ఆఖర్న తీసిందే ముందు చూడు. లేకపోతే అప్పుడు మిగతావి" అని కసిరేవాడివి. చిప్‌కీ అదే నేర్పాను. చాలాసార్లు మొదట తెరిచిన అరలోనే దొరుకుతోంది. కరెంటు బాగా తగ్గింది.

పరీక్ష అయిన తోర్వాత ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వింది. "అచ్ఛా! దీనికి ఇన్నేళ్ల చదువేటే? మీ నాన్ననడిగితే సరిపోయేది కదా."

నీ బల్లకి నాలుగు సొరుగులు. నువ్వు ఆఖరున తీసింది రెండోది. నీ కళ్లజోడు ఇంకా అందులోనే ఉంది. ఈ ఉత్తరం దాని కింద పెడుతున్నాను. నువ్వు ముందు చూసేది అక్కడే కదా.