పిల్లల పుస్తకం అన్నాను

అక్కా,

ఎలా ఉన్నావు అని రాయబోయి ఆగాను. నువ్వు పోయి ఈ ఆదివారానికి ఎనిమిది నెలలు.

నీ పుస్తకాల సంగతి చెప్పాలి. టౌరంగాలో నీ ఫ్లాట్ ఖాళీ చేసినప్పుడు, బట్టలతో పాటు వాటినీ సెకండ్ హ్యాండ్ షాపులో ఇచ్చేశాను. బల్ల చుట్టూ చేరి, నేను మంత్రగత్తెని, నువ్వు దొంగవి అనుకుంటూ పాచికలు వేసి ఆడే ఆటల పాత రూల్ పుస్తకాలు... నలభై ఆరేళ్ల నర్సుకి ఇదేం పిచ్చి అనుకునేదాన్ని.

నువ్వు వాటిని నవ్వుకోవడానికే ఎక్కువ చదివేదానివి. ఫోన్ చేసి మరీ వినిపించేదానివి. "సామాన్ల ధరలు వినవే. కోడి, ఒక నాణెం. తెలివైన కోడి, స్టాకు లేదు." ఇంకోసారి, "చచ్చిపోయిన ఆటగాడు సలహాలివ్వరాదు, ఇచ్చినా వినరాదు అట. ఎంత సీరియస్‌గా రాశాడో చూడు. ఈ ఆటలు మొదట్లో స్నేహితులు కూర్చుని రాసుకున్నవి కదా, అందుకే ఈ వేళాకోళం." నేను ఊఁ కొడుతూ అంట్లు తోముకునేదాన్ని.

మౌంట్ ఆల్బర్ట్‌లో మా గృహప్రవేశం గుర్తుందా? నీ బ్యాగులోంచి జారిన పుస్తకం చూసి, పక్కవీధి పద్మ ఆంటీ "ఈ రాక్షసుల బొమ్మలేంటమ్మా?" అన్నారు. నువ్వు చెప్పబోయావు. నేను అడ్డొచ్చి, "మా పాప కోసం తెచ్చిన పిల్లల పుస్తకంలెండి ఆంటీ" అన్నాను. నువ్వు నా వైపు చూసి, పుస్తకం లోపల పెట్టేసుకున్నావు. ఆ తర్వాత నాకు ఒక్క జోకూ వినిపించలేదు. ఎందుకని నేనూ అడగలేదు...

పోయిన నెల, నీతో శనివారాలు ఈ ఆటలు ఆడే హెలెన్ ఫోన్ చేసింది. చివరిదాకా ఆ రాక్షసుల బొమ్మల పుస్తకం అంచుల్లో తెలుగులో ఏదో రాస్తూనే ఉన్నావట. ఏమిటని అడిగితే, మా చెల్లికి అర్థమయ్యేలా ఈ జోకులు రాస్తున్నానన్నావట. అది ఒకసారి చూడాలని ఉందంది.

కారేసుకుని టౌరంగా వెళ్లాను. షాపులో లేదు. ఎవరో కొనుక్కుపోయారు. హెలెన్ ఇంటి ముందు కారులోనే చాలాసేపు కూర్చుండిపోయాను. చివరికి లోపలికి వెళ్లి చెప్పాను. తిట్టలేదు. టీ ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

నిన్న పద్మ ఆంటీకి ఫోన్ చేసి, ఆ పుస్తకం మా అక్కదే, సిగ్గుపడి అబద్ధం చెప్పానన్నాను. "ఏ పుస్తకమమ్మా?" అన్నారు.

ఆవిడకి గుర్తే లేదక్కా. ఈవిడ ఏమనుకుంటుందోననా, నేను నిన్ను...

హెలెన్ ఈ శనివారం ఆటకి రమ్మంది. నాకు ఏమీ రాదు. అయినా వెళ్తాను. ఎక్కడికని ఎవరడిగినా, ఉన్నదే చెబుతాను.

నీ చెల్లి
సుజాత