నీ నంబరుకు వచ్చిన ఫోన్

అవ్వా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ కొడుకు, తమ్ముడు సామేలు మళ్లీ మెంటల్ దవాఖానలో నెల రోజులుండి, పోయిన వారమే మన ఊరు ఆలూరుకు వచ్చాడు. అక్కడివాళ్లు వాడి ఫోన్‌లో ఒక యాప్ వేసి పంపారు. నిద్ర పట్టిందా, మందు వేసుకున్నారా అని అది రోజూ అడుగుతుంది. నేనడిగితే "ఏసుకున్న తీ అక్కా" అని మొహం తిప్పుకుంటాడు. దానికి మాత్రం కుదురుగా కూర్చుని జవాబిస్తాడు. ఆ ఫోన్‌ను బావిలో పారేయాలన్నంత కుళ్లు నాకు.

నిన్న పొద్దున నీ ఫోన్ మోగింది. గ్యాస్ బుకింగ్ ఆ నంబరు మీదే ఉందని రీఛార్జ్ చేయిస్తూ వస్తున్నాను. చేసింది యాప్ చూసే నర్సు. రెండు రోజులుగా మందు వేసుకోలేదని వాడు అందులో పెట్టాడట. కష్టమొస్తే ఎవరికి చెప్పాలన్న చోట నీ పేరు, నీ నంబరు ఇచ్చాడట.

పక్క గదిలో ఉన్నది నేను. మొయినాబాద్‌లో మొక్కల నర్సరీ పని మానుకుని దవాఖానలో వాడి మంచం కింద పడుకున్నది నేను. చిన్నప్పుడూ అంతే, జ్వరమొస్తే నా ఒళ్లోంచి దిగి నీ దగ్గరికే ఉరికేవాడు. పోయాక కూడా వాడికి నువ్వే కావాలి.

"పేషెంట్ వాళ్ల అమ్మేనా మాట్లాడేది?" అని నర్సు మళ్లీ అడిగింది.

తలుపు దగ్గర నిలబడి వాడు నన్నే చూస్తున్నాడు.

"ఆఁ, నేనే. చెప్పుండ్రి మేడం," అన్నాను.

వాడు వచ్చి, మందు కోసం నా ముందు చెయ్యి చాపాడు.