బాలింతకు పెట్టిన ఎర్ర వైన్

నవంబర్ 3, ఉదయం

నా డెలివరీ డేట్ డిసెంబర్ 18. బాలింత నెలంతా కోడికూరలో, మీసువా సేమ్యాలో పోసి నాకు పెట్టాల్సిన ఎర్ర బియ్యపు వైన్‌కి అత్తయ్య ఈరోజు జాడీ పెడుతోంది. జిగురు బియ్యం ఉడక్కముందే వార్నింగ్ ఇచ్చింది. జాడీ నింపుతున్నంతసేపూ ఎవ్వరూ మాట్లాడకూడదట, మాట పడితే వైన్ వెనిగర్ అయిపోతుందట. ఎవ్వరూ అంటూ నా వైపే చూసింది. రెండేళ్లుగా ఈ ఇంట్లో నాకొక్కదానికే నోరుంది మరి.

11 గంటలకు

అన్నం పూర్తిగా చల్లారాలి. మా అమ్మ దగ్గర ఆమాత్రం నేర్చుకున్నాను. ఈవిడకేమో చర్చి కాయిర్ ప్రాక్టీస్‌కి టైమైపోతోంది. పళ్లెంలో అన్నం పొగలు కక్కుతుంటే దాని మీదే ఈస్టు పొడి, పులియబెట్టే ఎర్ర బియ్యం చల్లి జాడీలో కూరేసింది. ఆ వేడికి ఈస్టు చస్తుంది. పొగ వైపు వేలు చూపించాను. కళ్లెర్రజేసింది. మళ్లీ చూపించాను. చేతి మీద ఒక్కటిచ్చింది. ఎనిమిదో నెల కడుపుతో ఉన్నదాన్ని!

సరే తల్లీ. మూసుకున్నాను.

నవంబర్ 8

జాడీకి చెవి పెట్టాను. పులుస్తుంటే చిటపటలాడాలి. చప్పుడే లేదు.

నవంబర్ 14

మూత తీసింది. పచ్చటి బూజు, ముక్కు పగిలే కంపు. ఆ రోజు ఇది జాడీ పక్కన మూతి ముడుచుకుని నిలబడింది, అందుకే చెడింది అని మా ఆయన కియోంగ్‌తో చెప్పింది. ఆడపడుచుకి ఫోన్. కాయిర్ మొత్తానికి ఫోన్. సాయంత్రానికి మా సిబు ఊళ్లో నా మూతి సంగతి తెలియని మెథడిస్టు లేడు. ఇంకో జాడీ పెట్టమంటే, నువ్వీ ఇంట్లో ఉండగా పెట్టను పో అంది.

ఒక సారీ చెప్పెయ్, నీ సొమ్మేం పోయింది అన్నాడు కియోంగ్. నా బాలింత పథ్యం పోయింది! అన్నం వేడిగా ఉందయ్యా అంటే, అమ్మ నలభై ఏళ్లుగా పెడుతోంది, నువ్వొచ్చి నేర్పుతావా అన్నాడు. వైన్ దిగడానికి నెల పడుతుంది. నాకున్నదీ నెలే.

నవంబర్ 15

నేనే పెట్టాను. అన్నాన్ని రెండు గంటలు టేబుల్ ఫ్యాన్ కింద ఆరబెట్టాను. జాడీ నింపుతూ ఒక్క క్షణం నోరు ముయ్యలేదు. మొదటి వరస వేస్తూ అత్తయ్యని తిట్టాను. రెండో వరసకి కియోంగ్‌ని. పై వరస కాయిర్‌కి. అత్తయ్య గుమ్మంలో నిలబడి, దేవుడా, నా మనవడి వైన్ నిండా శాపనార్థాలే అని గుండెలు బాదుకుంది. మనవరాలైతే పోయరా అన్నాను. కోపంతో చెయ్యి విసిరితే ఎర్ర బియ్యం సగం నేలపాలైంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను.

నవంబర్ 18

చిటపట!

నవంబర్ 24

అత్తయ్య నా జాడీ మీదకి వంగి వింటోంది. నన్ను చూసి, మూత మీద దుమ్ము తుడుస్తున్నట్టు నటించింది.

డిసెంబర్ 16

వడగట్టాను. ఆరు సీసాలు. దానిమ్మ రసంలా ఉంది. మధ్యాహ్నానికి ఒక సీసా మాయం. అత్తయ్య కాయిర్‌కి పట్టుకెళ్లి, మా ఇంటి వైన్ ఎంత బాగా దిగిందో చూడండి అని తలా ఒక గుక్క పోసిందట. ఈ మాట కియోంగ్ నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ! నా చేతిలో గరిటె ఉంది. విసరడానికి కడుపు అడ్డొచ్చింది.

డిసెంబర్ 20

ఆడపిల్ల. అత్తయ్య నా వైన్ పోసి తనే వండిన సేమ్యా గిన్నె తెచ్చింది. నేను తింటుంటే మంచం పక్కన కూర్చుంది. గిన్నె ఖాళీ అయ్యాక, అన్నం వేడిగా ఉందని ఆ రోజే నోరు తెరిచి ఏడవొచ్చుగా, మొద్దూ అంది.