మూసీ వరద తారీఖు

సెప్టెంబరు 27, రాత్రి

రేపు బడి ప్రార్థనలో "చరిత్రలో ఈ రోజు" చదవడం మా పాప వంతు. మొదటి వార్త వేలమందిని బలిగొన్న 1908 నాటి మూసీ వరద. సరిగ్గా రేపటి తారీఖే.

బయట ఆగని వాన. మూసీ ఎగువన జలాశయం గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న మా ఆయన సాయంత్రం ఫోన్ చేశారు.

"ఇంకిన్ని గేట్లు లేపుతున్నం. అత్తమ్మను ఇంటికి తీస్కరా."

బహదూర్‌పురాలో నది పక్కనే ఉండే అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"బర్రెలను ఇడిచిపెట్టి యాడికి రాను?" అంది.

చివరికి బర్రెలతో సహా మొఘల్‌పురా వచ్చింది. అవి మా సందులో తడుస్తున్నాయి.

పడుకోబోతూ పాప అడిగింది. "అమ్మా, రేపు గా వరద సంగతి చదవాల్నా? నాన్న గేట్ల కాడనే ఉన్నడు గదా!"

దుప్పటి కప్పి, ఫోన్ అందుకున్నాను. ఆయన ఫోన్ కలవడం లేదు.