జపాను మాటలో థాంక్యూ

ఏమయ్యా,

రేపు నీ సంవత్సరీకం. వడలకు పప్పు నానబోసి కూర్చున్నాను గానీ, ముందు నీతో పోట్లాడాలి.

ఈరోజు మన ఎమ్మిగనూరు నేతగాళ్ల సంఘానికి జపాను నుంచి ఒకాయన వచ్చాడు. నేనూ పక్కింటి రంగమ్మా నూలు కండెలు చుడుతున్నాం. ఆయన మగ్గాలన్నీ చూసి బయలుదేరుతుంటే, ఆయన భాషలోనే థాంక్యూ చెప్పాలని మేనేజరుకు సరదా పుట్టింది.

"జపాను మాటలో థాంక్యూను ఏమంటారప్పా?" అని అందరినీ అడిగాడు.

సిపాయిగా యుద్ధానికి పోయి జపానువాళ్లకు చిక్కి తిరిగొచ్చినవాడి పెళ్లాన్ని కదా, అందరూ నావైపే చూశారు. నా దగ్గర నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. కండె చుట్టడంలో పడ్డాను.

"అరిగాతో," అంది రంగమ్మ.

జపానాయన ముఖం వెలిగిపోయింది. రంగమ్మకు నడుం వంచి దండం పెట్టాడు.

"యాడ నేర్సినావే?" అన్నాను.

"అన్నే గదా వదినా నేర్పింది. మగ్గం కాడ నీళ్లిస్తే సాలు, ఆ మాట అంటాండె."

ఆమె ఇచ్చింది ఎప్పుడో ఒక చెంబు. పెళ్లయిన నాటి నుంచీ నీకు నీళ్లిచ్చింది నేను. తాగి చెంబు కింద పెట్టేవాడివి, అంతే.

నా మొహం చూసి రంగమ్మే సర్దిచెప్పింది. "ఇంటోళ్లకు ఎవురన్నా సెప్తారా వదినా? అది బయటోళ్లకు సెప్పే మాట."

నిజమే. అయినా ఒక్క పూట నీకు పరాయిదాన్నయి ఉంటే బాగుండేది.

రేపు నీ విస్తరి పక్కన నీళ్లు నేనే పెడతాను. రంగమ్మను ఆ దరిదాపులకు రానివ్వను.