వెడల్పాటి ఊయల

జనవరి 11, సాయంత్రం
తేనెపెట్టెల దగ్గర మకాం మొదలైంది. అడవంతా పచ్చపూలు విరగబూశాయి. ఈ నెలంతా తేనె, ఈ నెలంతా దొంగలు. ఊరి వంతు ప్రకారం ఈ వారం కాపలా నాదీ, మా ఆయన హెర్మీలోదీ. చెట్లకు రెండు వల ఊయలలు కట్టాం, పైన టార్పాలిన్. రెండూ నైలాన్‌వి, వయ్యదోలిద్ సంతలో ఆయన కొన్నవి. ఒక్కోదాంట్లో ఒక్క మనిషే పడతాడు.

మా అమ్మ అల్లిన వెడల్పాటి నూలు ఊయల ఉండేది. పెళ్లైనప్పటి నుంచి ఇద్దరం అందులోనే పడుకున్నాం. అక్టోబరులో వాళ్ల అక్క ఒబ్దూలియా తన కూతురి పెళ్లికి అడిగిందని, నాతో ఒక్కమాటైనా అనకుండా ఇచ్చేశాడు. ఆ ఊసెత్తితే నా గొంతు మారిపోతుంది. అందుకే ఎత్తడం మానేశాను.

జనవరి 12, పొద్దున
ఉత్తరపు గాలి వచ్చింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా లాభం లేదు. ఊయలలో చలి కిందినుంచి వస్తుంది. వీపు కింద గాలి తప్ప ఏముంది?

మధ్యాహ్నం
గోనెసంచులు విప్పి నా ఊయల అడుగున కుట్టుకున్నాను. హెర్మీలో నవ్వాడు. అవన్నీ ముసలాళ్ల పనులట. తను వాళ్ల నాన్నలాగే డబ్బాలో నిప్పులు పోసి ఊయల కింద పెట్టుకుంటాడట. మీ నాన్న పడుకున్నది నూలు ఊయలలో అని చెప్పాను. వినలేదు. రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు.

జనవరి 13, తెల్లవారుజాము
నైలాన్ కరిగింది.

జనవరి 13, పొద్దున
గాలి ఒక్కసారి నిప్పులు లేపిందంతే. నడుం దగ్గర తలకాయంత కన్నం పడి, మనిషి అందులోంచి నేలమీదికి జారాడు. ఒళ్లు కాలలేదు, ప్యాంటు పోయింది. మా కుక్క ఒకటే మొరుగుడు. నాకు నవ్వాగలేదు. అక్టోబరు తర్వాత ఇంతలా నవ్వింది ఇదే.

నా ఊయలలోకి రమ్మన్నాను. ఇద్దరం పట్టలేదు. తెల్లారేదాకా మంట పక్కన ముడుచుకు కూర్చున్నాడు. గోనెల పుణ్యమా అని నా వీపు వెచ్చగానే ఉంది, నిద్ర మాత్రం రాలేదు. ఎదురుగా మనిషి అలా కూర్చుంటే ఎలా వస్తుంది?

ఇప్పుడే మోటారు బండేసుకుని వెళ్లాడు. ఎక్కడికంటే ఊళ్లో పనుందట.

జనవరి 13, సాయంత్రం
వచ్చాడు. బండి వెనక పెద్ద మూట. విప్పకముందే అంచున మా అమ్మ వేసిన ఎర్రదారం కనబడింది.

మీ అక్క ఏమందని అడిగాను. ఇచ్చింది మళ్లీ అడగడానికి సిగ్గు లేదా అని వాకిట్లో నలుగురి ముందూ కడిగేసిందట. పెళ్లికూతురు మంచం మీదే పడుకుంటోందట, ఊయల కట్టిన మూట కట్టినట్టే ఉందట. ఆవిడ నోరు నాకు తెలుసు. ఆవిడ ముందు ఇన్నేళ్లలో ఒక్కసారీ పెదవి విప్పని మనిషి ఈయన.

"చలి కోసం తెచ్చానే," అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంకేం అనుకోకు."

"నేనేం అనుకోలేదులే. ఆ కొస గట్టిగా బిగించు. ఇద్దరి బరువు."

నా గోనెలు ఊడదీసి, ఇంకో రెండు కలిపి, దీని అడుగున చెరో పక్కనుంచీ కుట్టాం. ఆయన కుట్లు వంకర. నాకు సంతోషంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు?

జనవరి 14
ఎండెక్కాక లేచాం.

జనవరి 16
గాలి ఆగింది. పొద్దున్నే చెమట. చలి పోయిందిగా, నా ఊయలలోకి వెళ్లనా అని అడిగాను. మళ్లీ వస్తుందేమో, ఉండు అన్నాడు.

నా ఊయలలో ఇప్పుడు మా కుక్క పడుకుంటోంది.